ఎడమ ఇల్లు

దర్జీ మాస్టర్ నాలుగో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

అది వాళ్ళింటి మెట్టు కాదు, పక్కింటిది. కాగితాల ప్రకారమైతే అదే వాళ్ళిల్లు. పన్నెండు రోజులుగా ఆ వీధిలో ఎవరిల్లు ఏదో చెప్పబోయిన ప్రతివాడికీ నాలుక తడబడుతూనే ఉంది.

మలుపు తిరిగి వస్తున్న అతని భార్య కాజాలమ్మ ఆ దృశ్యం చూసి చేతిలో సంచీ జారవిడిచింది. అతని ఊతకర్ర కింద రోడ్డు మీద పడి ఉంది. చిన్నప్పుడే చచ్చుబడిన కుడికాలు, ఎవరిదో తెచ్చి పక్కన పెట్టుకున్నట్టు, మెట్టుకి అడ్డంగా ఉంది. చొక్కా వీపంతా తడిసి అతుక్కుపోయింది. ఎంతసేపటినుంచి అలా ఉన్నాడో ఏమో. పైకి పోలేడు, కిందికి రాలేడు.

"ఏం పనండీ ఇది?" అంది.

"మనిల్లు చూసుకుందామని," అన్నాడు మాస్టర్. "ఏడే కదా మెట్లు. అలవాటు చేసుకుంటే వస్తాయేమోనని."

నవ్వుతూనే అన్నాడు. ఆమె రెండు మెట్లు కింద నిలబడి భుజం ఆనించింది. ఒక్కో మెట్టూ కూర్చునే దిగాడు. ఎదురింటావిడ కిటికీ తలుపు మెల్లగా మూసుకుంది. అంతమాత్రం మర్యాద ఆ వీధికింకా ఉంది.

రెండు ఇళ్ళూ ఒకే కప్పు కింద, నడుమ ఒకే గోడతో కట్టినవి. ఒకదాన్ని అద్దంలో చూస్తే రెండోది కనిపిస్తుంది. వీధి వాలుగా ఉండడంవల్ల ఒక్క తేడా మాత్రం వచ్చింది. ఒకింటి గడప రోడ్డుకి సమానంగా ఉంటే, రెండోదాని గడప చేరడానికి ఏడు మెట్లెక్కాలి. మెట్లు తీసేసి వాలుగా కడదామంటే, రెండో అడుగుకే నడివీధి వచ్చేస్తుంది.

కట్టించింది నర్సమ్మ, పెద్దాసుపత్రిలో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. ఆరేళ్ళ కిందట మాస్టర్ కాలు చూసి, మెట్లు లేని ఇల్లే అతనికి అమ్మింది. తను మెట్ల ఇంట్లోనే ఉండిపోయింది. ముందుగదిలో మాస్టర్ మిషను, కటింగు బల్ల. కాజాలూ గుండీలూ అతని భార్యవి. ఇరవై ఏళ్ళుగా కాజాలు కుట్టీ కుట్టీ ఆవిడ పేరే కాజాలమ్మ అయింది. గుమ్మంలో నిలబడి చొక్కా అందించి పోయేవాళ్ళే వాళ్ళకి అన్నం పెడుతున్నారు.

ఈ ఏడాది నర్సమ్మ, వయసు మీదపడి, మిగిలిన ఇల్లు మేనకోడలికి రాసిచ్చి ఆమె దగ్గరికే వెళ్ళిపోయింది. మేనకోడలికి మందుల దుకాణం ఉంది. సీసా మీద చీటీ చదవందే మూత తియ్యదు. ఇల్లు అద్దెకిచ్చేముందు సర్వే చేయించింది. అప్పుడు బయటపడింది సంగతి. మాస్టర్ కాగితంలో ఉమ్మడి గోడ తూర్పు హద్దుగా ఉండాల్సింది, పడమర హద్దుగా ఉంది. అంటే వాళ్ళు కొన్నది ఏడు మెట్ల ఇల్లు. మిగిలినదీ, మేనకోడలికి దక్కినదీ, మిషను ఉన్న ఇల్లు.

మేనకోడలు నోరు పారేసుకోలేదు. పన్నెండు రోజుల కిందట పంపిన నోటీసులో ఒక్క పరుషమైన మాట లేదు. నెలలోగా మీ ఇంట్లోకి మీరు మారండి, మా ఇల్లు మాకివ్వండి అని ఉంది, అంతే. వీధిలోవాళ్ళు కూడా గోడకి ఇటునుంచి అటు మారడమేగా అన్నారు. ఆ గోడ దాటాలంటే ఏడు మెట్లెక్కాలని ఎవరూ అనలేదు.

ఇప్పుడు మిగిలిన ఆశ ఒకటే. సవరణ దస్తావేజుకి అర్జీ పెట్టారు. రేపు పొద్దున రిజిస్ట్రారు ఎదుట నర్సమ్మ తను అమ్మింది ఏ ఇల్లో తన నోటితో చెప్పాలి. ఆవిడ చెప్పిందాన్ని బట్టి కాగితం దిద్దుతారు, లేదా అర్జీ కొట్టేస్తారు.

మంచం మీద కూర్చున్నాక మాస్టర్ అడిగాడు, దస్తావేజు రాసిన రైటర్ ఏమన్నాడని.

కాజాలమ్మ మంచినీళ్ళ గ్లాసు కడుగుతూ వెనక్కి తిరగలేదు. "పాత పుస్తకం వెతకాలన్నాడు," అంది.

అబద్ధం. పుస్తకం దొరికింది.

పొద్దున ఆమె వెళ్ళింది దాని కోసమే. రైటర్ గదీ, రిజిస్ట్రారు ఆఫీసూ ఒకే భవనంలో, మేడమీద. ఇరవైరెండు మెట్లు. ఆ మెట్లెక్కలేకే మాస్టర్ ఆనాడు ఇల్లు భార్య పేరున రాయించాడు. ఇంటికి యజమానురాలివి నువ్వు, నేను నీ దగ్గర అద్దెకుంటాను అని ఊరంతా చెప్పి నవ్వుకున్నాడు. పైన సంతకాలన్నీ ఆమెవే. కింద రావిచెట్టూ మర్రిచెట్టూ ఏమీ లేవు, టీకొట్టు బెంచీ ఉంది. మాస్టర్ దానిమీద కూర్చుని రెండు గంటలు టీలు తాగాడు.

రైటర్ చెడ్డవాడేం కాదు. దుమ్ము దులిపి ఆరేళ్ళనాటి చిత్తు పుస్తకం తీసి, వేలు పెట్టి చూపించాడు. పార్టీలు చెప్పింది చెప్పినట్టు ముందు దాంట్లో రాసుకుని, తరవాత హద్దులు కట్టి అసలు కాగితం తయారుచేస్తాడట. అక్కడ ఉన్నది ఒక్క ముక్క. జంట ఇళ్ళలో ఎడమది. కింద రెండు సంతకాలు, ఒకటి నర్సమ్మది, ఒకటి కాజాలమ్మది.

"రోడ్డు మీద నిలబడి చూడు చెల్లెమ్మా. ఎడమచేతి వైపున్నది ఏ ఇల్లు? మెట్లదేగా," అన్నాడు రైటర్. "మీరిద్దరూ చెప్పారు, నేను రాశాను."

కాజాలమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గది గోడలు దగ్గరికొచ్చినట్టనిపించింది.

పెళ్ళయిన కొత్తలో మొదటిసారి చొక్కాకి జేబు కుట్టమని ఇచ్చాడు మాస్టర్. గుడ్డ బల్లమీద పరుచుకుని, తనకి ఎడమవైపు కనిపించినచోట చక్కగా కుట్టింది. అతను చొక్కా తొడుక్కుని చూపించాడు. జేబు కుడి రొమ్ముమీద ఉంది. తిట్టలేదు. టేపు ఆమె భుజాన వేసి ఒక్క మాట చెప్పాడు, తొడుక్కున్నవాడి ఎడమే ఎడమ, చూసేవాడిది కాదు అని. ఆ రోజునుంచి ఇరవై ఏళ్ళలో ఆమె చెయ్యి తప్పు వైపుకి పోలేదు. నోరూ పోలేదు. ఇల్లు వీధిలోకి ముఖం పెట్టి నిలబడి ఉంది కదా. దాని ఎడమభుజం మెట్లు లేని ఇల్లే.

మరి నర్సమ్మ ఎందుకు ఊరుకుంది? అదీ తెలిసింది. జ్వరాలప్పుడు సూది వేయడానికి ఎదురుగా నిలబడి, ఎడమచెయ్యి ఇవ్వు అనేది ఆవిడ. ఎప్పుడూ రోగి ఎడమే. ముప్పై ఏళ్ళ నర్సుకి వేరే ఎడమ ఉండదు. ఆ గదిలో అమ్మినావిడకీ కొన్నావిడకీ ఒకే ఎడమ. రాసినవాడిదే వేరు.

"మెట్ల సంగతి మీకు తెలీదా? ఆయన కాలు మీకు తెలీదా?" అని అడిగింది కాజాలమ్మ.

"కాగితంలో మెట్లుండవమ్మా. హద్దులే ఉంటాయి," అన్నాడు రైటర్. ఆ పుస్తకం రేపు రిజిస్ట్రారు తెమ్మన్నారని కూడా చెప్పాడు.

దారి పొడుగునా ఆమె మాస్టర్‌కి చెప్పాలనే అనుకుంది. మాటలు కూడా కూర్చుకుంది. మలుపు తిరిగితే నాలుగో మెట్టు మీద కనిపించాడు. కూర్చుకున్న మాటలన్నీ గుడ్డపేలికలైపోయాయి.

"వెతకాలన్నాడా?" మాస్టర్ గొంతు లేచింది. "వెతకడు. వెతికితే వాడి బండారం బయటపడుతుంది."

పన్నెండు రోజులుగా ఇదే వరస. రైటర్ తాగి రాశాడన్నాడు ఒకరోజు. ఎవరి దగ్గరో డబ్బు తిన్నాడన్నాడు మర్నాడు. ఆమె ఇన్నాళ్ళూ వంత పాడింది. ఇవాళ పాడలేకపోయింది.

"పోనీ, ఎవరో తెలియక చేసి ఉంటే?" అంది మెల్లగా.

"తెలియక చేసినా చేసిన చెయ్యి చెయ్యేగా. ఆ చెయ్యి ఎవరిదైనా ఈ జన్మకి క్షమించను." గొంతు తగ్గించి అన్నాడు. "నీ మీద మాటొస్తే మాత్రం ఊరుకోను. పైకెళ్ళింది నువ్వు కాబట్టి రేపు నీ మీదకే తోస్తారు చూడు. ఇరవై ఏళ్ళలో ఒక్క కాజా పక్కకి పోని మనిషి నా పెళ్ళాం అని చెబుతాను."

ఆమె గ్లాసు మళ్ళీ కడిగింది. అది మూడోసారి.

సాయంత్రం అన్నాల దగ్గర మాట మాట పెరిగింది. ఎవరూ లేనప్పుడు మెట్లెక్కడమేమిటని ఆమె అంది. కాలు నాది, నా ఇష్టం అన్నాడతను. పడితే మొయ్యాల్సింది నేను అంది. అని ఉండకూడదు. అన్నాక వెనక్కి తీసుకోవడానికి దారి లేదు. మాస్టర్ చెయ్యి కడిగేసుకున్నాడు.

మిషను వైపు తిరిగి కూర్చున్నాడు. దానిమీద సగం కుట్టిన చొక్కా ఒకటి పన్నెండు రోజులుగా అలాగే ఉంది. కాలర్ లేదు, ఒక చెయ్యి లేదు.

"ఆ మెట్లు ఒకసారి ఎక్కానంటే ఇంక దిగనే," అన్నాడు. "నలుగురూ మోసుకుని దింపేదాకా అక్కడే. నాలుగో మెట్టు మీద కూర్చుంటే తెలిసింది. పైనుంచి పిలిస్తే కూడా ఎవరికీ వినపడదు."

ఆమె కంచాలు తీసి పక్కన పెట్టింది. ఇప్పుడు చెప్పేయాలనుకుంది. తప్పు నాది, మీ పాఠమే అప్పజెప్పాను అనాలి. చెబితే అతనికి తిట్టడానికి రైటర్ కూడా మిగలడు. నేర్పింది తనేనని అతనికి క్షణంలో తడుతుంది. ఆ తరవాత అతను ఎవరిని తిట్టుకుంటాడు?

రేపు పొద్దున నర్సమ్మ చెవిలో ఒక్క మాట వేస్తే చాలు అనుకుంది. ఎడమ అనకండి, మెట్లు లేని ఇల్లు అనండి. అంతే. పని జరిగిపోతుంది, కాగితం మారిపోతుంది, మాస్టర్‌కి ఏనాటికీ తెలియనక్కర్లేదు. ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందంటే, దాన్నే పట్టుకుని పడుకుంది.

మర్నాడు ఆఫీసు తలుపులు తీయకముందే ఇద్దరూ అక్కడున్నారు. మాస్టర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన పాత బెంచీ మీద కూర్చున్నాడు. నర్సమ్మ ఇంకా రాలేదు. ఇంతలో పైనుంచి గుమాస్తా కేకేశాడు, అర్జీదారులు వరస నంబరు తీసుకోవాలని. కాజాలమ్మ ఇరవైరెండు మెట్లూ పరుగున ఎక్కింది. పైన తొమ్మిదిమంది ముందున్నారు. తన వంతు వచ్చేసరికి చీటీలు అయిపోయి, కొత్తవి తేవడానికి గుమాస్తా లోపలికెళ్ళాడు.

చీటీ పట్టుకుని కిందికొచ్చేసరికి బెంచీ మీద మాస్టర్ పక్కన నర్సమ్మ ఉంది. తెల్లచీర, చేతిలో పాత తోలుసంచీ. ఇద్దరూ నవ్వుతున్నారు. మేనకోడలు పక్కనే నిలబడి కాగితాలు చదువుకుంటోంది.

"అమ్మతో అంతా మాట్లాడేశాను," అన్నాడు మాస్టర్ సంబరంగా.

"ఏం మాట్లాడారు?"

"ఆఫీసర్లకి ఓపికుండదు. మెట్లూ, నా కాలూ, ఆ కథంతా ఎత్తారంటే గందరగోళం చేసి పారేస్తారు. ఒక్కటే మాట గట్టిగా చెప్పమన్నాను. ఎడమ ఇల్లు అని."

కాజాలమ్మ అతని దగ్గరికి వంగింది. "ఏమండీ," అని ఏదో అనబోయింది. పైనుంచి వాళ్ళ నంబరు పిలిచారు. సవరణ అర్జీలు ముందు చూస్తున్నారట.

మేనకోడలు వచ్చి అత్త చెయ్యి పట్టుకుంది. రెండో చెయ్యి కాజాలమ్మ పట్టుకుంది. నర్సమ్మకి చెవులు సరిగా వినబడవు. ఎనిమిదో మెట్టు దగ్గర ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగితే, కాజాలమ్మ చెవి దగ్గర నోరు పెట్టింది.

"అమ్మా, ఎడమ అనకండి."

"ఆఁ?"

"ఎడమ అనొద్దు. మెట్లు లేని..."

"ఎడమే, ఎడమే. తెలుసులే అమ్మాయ్," అంది నర్సమ్మ చేతిమీద తట్టి. "మీ ఆయన కూడా చెప్పాడు. నేనేమన్నా మతిలేనిదాన్నా?"

మేనకోడలు ఆగింది. కోపం లేదు ముఖంలో, అలసట ఉంది. "సాక్షికి మాటలు అందించకూడదని రిజిస్ట్రారు నోటీసులో రాశారక్కా. అత్తయ్య ఏమంటే దానికి నేను కట్టుబడతాను. మీరూ ఉండండి," అంది. న్యాయంగానే ఉంది ఆ మాట. 

రిజిస్ట్రారు కళ్ళద్దాల వెనక పెద్దమనిషి. ముందే హెచ్చరించాడు, ఎవరూ మధ్యలో మాట్లాడకూడదని. చిత్తు పుస్తకం ఆయన బల్లమీద తెరిచి ఉంది. నర్సమ్మకి కుర్చీ వేయించి, వినపడేలా గట్టిగా అడిగాడు. జంట ఇళ్ళలో మీరు ఈవిడకి అమ్మింది ఎడమదా, కుడిదా?

నర్సమ్మ నిటారుగా కూర్చుంది. ఆసుపత్రిలో డాక్టరుకి జవాబు చెప్పినట్టు చెప్పింది.

"ఎడమది. ఆనాడూ అదే చెప్పాను, ఈనాడూ అదే చెబుతున్నాను. ఎన్నాళ్ళకడిగినా ఎడమదే."

గుమాస్తా కలం గీసుకుపోతున్న చప్పుడు వినిపించింది. కాజాలమ్మ లేచి నిలబడింది.

"అయ్యా, ఎటునుంచి ఎడమో అడగండి," అంది.  "మేం దర్జీవాళ్ళం. మా ఎడమ వేరు. ఆవిడ నర్సు, ఆవిడదీ..."

"ఎడమకి ఎటునుంచేమిటమ్మా?" అన్నాడు రిజిస్ట్రారు. ఎగతాళి చెయ్యలేదు. నిజంగానే అర్థం కాలేదాయనకి. "చిత్తులో మీరు చెప్పింది ఎడమ. ఆవిడిప్పుడు చెప్పిందీ ఎడమ. కాగితంలో రాసిందీ ఎడమ ఇంటి హద్దులే. ఇంక దిద్దడానికి తప్పెక్కడుంది?"

మెట్లు, అంది ఆమె. ఆయన కాలు, అంది. ఏదైనా ఉంటే కోర్టులో చెప్పుకోమన్నాడు. కూర్చోమన్నాడు. గుమాస్తా వాంగ్మూలం చదివి వినిపిస్తే నర్సమ్మ తలాడించి, వణక్కుండా సంతకం పెట్టింది. పెట్టి, కాజాలమ్మ వైపు తిరిగి కన్ను గీటింది. అంత దిగులెందుకే పిచ్చిదానా, అన్నట్టుంది ఆ చూపు.

ముద్ర పడిన చప్పుడుకి మేనకోడలు తల వంచుకుంది. ఆమె ముఖంలో గెలిచిన సంతోషమేమీ లేదు. కాగితం నకలు కోసం చెయ్యి చాచింది.

కాజాలమ్మ ఒక్కతే ముందు బయటపడింది. మెట్లు దిగుతుంటే ఒక్కోటీ లెక్కకొస్తోంది. కింద మాస్టర్ అప్పటికే లేచి, ఊతకర్ర చంకకింద పెట్టుకుని, మొదటి మెట్టు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. తల పైకెత్తి ఉన్నాడు.

"ఏమంది?" అన్నాడు.

ఆమె చివరి మెట్టు దిగింది.

"ఎడమ అందా?"

"అంది," అంది కాజాలమ్మ.

పన్నెండు రోజుల తరవాత మాస్టర్ గుండె నిండా నవ్వాడు. నవ్వి, కళ్ళు తుడుచుకున్నాడు. టీకొట్టువాడికి కేకేసి నాలుగు టీలు చెప్పాడు, మేనకోడలికి కూడా కలిపి, పాపం ఆవిడ తప్పేముందని. ఆ సగం చొక్కాకి సాయంత్రానికల్లా కాలర్ పడిపోవాలన్నాడు. నిన్న అన్నాల దగ్గర అన్నమాటలు మనసులో పెట్టుకోవద్దన్నాడు.

పైన తలుపు తెరుచుకుంది. నర్సమ్మ గొంతు ఖంగుమని కిందిదాకా వినిపించింది. "ఏమోయ్ మాస్టర్, నీ ఇల్లు నీకు ఇప్పించేశాను." వెనకే మేనకోడలు, ఒక చేత్తో అత్తనీ, రెండో చేత్తో ముద్ర పడిన కాగితాన్నీ పట్టుకుని, జాగ్రత్తగా దిగబోతోంది.

వాళ్ళకింకా ఇరవైరెండు మెట్లున్నాయి. ముసలావిడ మెల్లగా దిగుతుంది, ఎనిమిది మెట్లకోసారి ఆగుతుంది. ఆలోగా చెప్పేయాలి.

"ఏమండీ," అంది కాజాలమ్మ. "నేను మీకో మాట చెప్పాలి."

"చెబుదువుగానిలే. ముందు కూర్చో, పొద్దున్నించీ ఏమీ తాగలేదు," అని మాస్టర్ బెంచీ మీద కూర్చుని, పక్కకి జరిగి, తన ఎడమపక్కన ఆమెకి చోటిచ్చాడు.